నూనె తాగిన పిటీలు

మొన్న తుమకూరులో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళానని చెప్పుకోవడమే గానీ నిజానికి మా అమ్మాయి లాక్కెళ్ళింది. నేను టీవీ శబ్దం పెంచుతున్నానట, పక్క గదిలోంచి పిలిస్తే పలకడం లేదట. ఈ వయసులో కొన్ని వినపడకపోవడమే సుఖమని చెప్పినా ఊరుకోలేదు. అక్కడ నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలకు మెత్తలు, మందపాటి తలుపు, గాలి ఆడే కంత ఒక్కటి లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చెప్పి అక్కడ పనిచేసే పిల్ల ఒకతె తలుపు మూసింది.

తలుపు మూసుకోగానే నాకు తోలు బంక ఉడుకుతున్న కంపు వచ్చింది. ఆసుపత్రిలో తోలు బంక ఎవరు ఉడకబెడతారు? అయినా వచ్చింది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎంత త్వరగా అయిపోతే అంత త్వరగా బయటపడవచ్చని, వినపడినా వినపడకపోయినా బటన్ నొక్కుతూ పోయాను. బయటికి వచ్చాక ఆ పిల్ల కాగితం చూసి, "మీరు చాలాచోట్ల ఊహించి నొక్కారమ్మా" అని నవ్వింది. నేనూ నవ్వాను. చెవి విషయంలో అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. పదమూడేళ్ళ వయసులోనే ఆ పని చేశాను.

మా నాయన పిటీళ్ళు చేసేవాడు. ఫిడేలు అనండి, వయొలిన్ అనండి, మా పావగడ వైపు అది పిటీలే. ఆయన వడ్రంగి కాడు, సంగీతం వచ్చినవాడూ కాడు. ఎర్రనేలలో వేరుశనగ వేసి ఆకాశం వంక చూసే రైతు. మంగళవాడకు నడిచి పోగలిగినంత దూరంలో మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వాన కోసం రెండు భాషల్లోనూ మొక్కులు. ఆ ఏళ్ళలో ఒక వాన పడితే విత్తేవాళ్ళం, రెండో వాన రాక చెట్టు వాడిపోయేది, దసరాకు పీకి చూస్తే వేళ్ళకు నాలుగు లొట్టకాయలు. ఇక మిగతా నెలలంతా ఊళ్ళో మగవాళ్ళు బస్సు ఆగే చోట కట్ట మీద కూర్చుని పులిమేక ఆడేవాళ్ళు. నాయన ఆడేవాడు కాదు.

ఏటా జాతరకు మా ఊళ్ళో నాటకం వేసేవాళ్ళు. దానికి హిందూపురం వైపు నుంచి ఒక పిటీలాయన వచ్చేవాడు. బక్కపలచని మనిషి, బుగ్గలో ఎప్పుడూ వక్క, మాట మాత్రం మెత్తన. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు ఆయన మా అరుగు మీద దిగాడట. పిటీలు కింద పడి మెడ విరిగితే నాయనే అతికించి ఇచ్చాడట. అతికించే నెపంతో దాన్ని విప్పి లోపల చూశాడు. "లోపల ఏమీ ల్యాప్పా. వట్టి ఖాళీ. దాంట్లోనుంచి అంత గొంతు ఎట్ల వస్తాది?" అని కనిపించిన ప్రతి మనిషినీ అడిగాడట. ఎవరికీ తెలియలేదు.

తర్వాత ఐదారేళ్ళకు నాయన మా చేలో బావి తవ్వించాడు. బండ పగలడానికి మందుతోటాలు పెట్టేవాళ్ళు. ఒకటి పేలలేదని నాయన దిగి చూడబోతే, అప్పుడు పేలింది. మనిషి బతికాడు. బావిలో నీళ్ళు పడలేదు, ఆయన చెవులు మాత్రం పోయాయి. మొత్తం కాదు. లావు శబ్దాలు వినపడేవి: ఎద్దు రంకె, లారీ, మగవాళ్ళ మాట. నేను దగ్గరగా గట్టిగా చెబితే నా మాట కూడా. సన్న శబ్దాలు పూర్తిగా పోయాయి. పిచుక లేదు, సైకిలు బెల్లు లేదు. మా అమ్మ గొంతు కూడా సన్నదే. "నా మాట ఇనపడదంట! కట్ట మీద ఎవురన్నా టీకి పిలిస్తే మాత్రం ఇనపడతాది" అని అమ్మ జన్మంతా అనుమానించింది.

నాయన దేనికీ దిగులు పడలేదు గానీ పిటీలు వినపడకపోవడం ఒక్కటి ఆయన తట్టుకోలేకపోయాడు. ఆ ఏడు జాతరలో పిటీలాయన ముందు కూర్చుని, విల్లు ఆడుతుంటే చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అప్పటినుంచి తానే పిటీలు చేయడం మొదలుపెట్టాడు. పేలుడులో పోయినదాన్ని చేత్తో చెక్కి తెచ్చుకోవచ్చని అనుకున్నాడేమో, నాకు తెలియదు. తనకు వినపడని వస్తువును తయారు చేయాలంటే వినేవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. ఆ ఒకరు నేనయ్యాను. నాకప్పుడు ఏడేళ్ళు.

పిటీలు పై చెక్కకు తేలికపాటి దేవదారు కావాలి. మా వైపు దేవదారు యాడ దొరుకుతుంది? బోరుబావి మోటార్లు వచ్చే పెట్టెల్లో దొరికేది. ఊళ్ళో ఎవరైనా బోరు వేయిస్తే అందరూ నీళ్ళ కోసం మూగితే నాయన పెట్టె కోసం నిలబడేవాడు. నీళ్ళు పడితేనే మోటారు వస్తుంది, మోటారు వస్తేనే పెట్టె వస్తుంది. అందుకని పరాయివాళ్ళ బోర్లలో నీళ్ళు పడాలని మా నాయన కోరుకున్నంత మనసారా ఎవరూ కోరుకుని ఉండరు. అడుగు చెక్కకు మధుగిరిలో కూల్చిన ఇంటి పనస పలక. తీగెలు బిగించే బిరడలకు చింత చేవ. విల్లుకు గుర్రం వెంట్రుకలు.

ఆ వెంట్రుకల దొంగతనం నాదే. పావగడలో ఒక జట్కాయనకు తెల్లగుర్రం ఉండేది. నాయన వెళ్ళి ఆయనతో వానల గురించి మాట కలిపేవాడు. వాన మాట ఎత్తితే మా వైపు మనిషి అరగంట దాకా వెనక్కి తిరిగి చూడడు. నేను వెనక నుంచి చిన్న కత్తెరతో తోకలో నాలుగు పోగులు, నాలుగు పోగులు కత్తిరించి పావడాలో దోపుకునేదాన్ని. "ఏమోనప్పా, గుర్రం తోక పల్చబడతాండాది. మేత సాల్లేదేమో" అని ఆ జట్కాయన ఒకసారి నాయనతోనే మొర పెట్టుకున్నాడు. నాయన చాలా గంభీరంగా, ఉలవలు పెట్టి చూడమని సలహా ఇచ్చాడు. బస్సులో ఇంటికి వస్తూ ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అట్లా నవ్విన రోజులు కూడా ఉన్నాయి. లేవని చెబితే పాపం.

కానీ పని జరిగేది విత్తనాల గదిలో. ఇంటి వెనక, మట్టిగోడల చిన్న గది. ఒక పక్క వేరుశనగ మూటలు, ఒక పక్క నాయన ఉలులు. పొట్టు పొయ్యి మీద నీళ్ళ గిన్నె, ఆ గిన్నెలో బంక గిన్నె. తోలు ఉడకబెట్టి చేసే ఆ బంకను వడ్రంగులు వజ్రం అంటారు. పేరు గొప్పే, వాసన పీనుగ వాసన. మా అవ్వ, అంటే నాయన తల్లి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోంచే తిట్టేది. "ఇంట్లో తోలు ఉడకబెడితే దేవుడు ఉంటాడేమిరా? ఎప్పుడో లేసి అరసికెరెకు ఎల్లిపొయ్యుంటాడు!" వజ్రానికి గాలి తగిలితే అతకకముందే గడ్డ కట్టిపోతుంది. కాబట్టి తలుపు మూయాలి, కిటికీ మూయాలి, సందుల్లో గోనెలు కుక్కాలి. ఎండాకాలం మధ్యాహ్నం, పైన రేకులు, లోపల పొయ్యి. ఆ గదిలో నేను గంటలు గంటలు కూర్చునేదాన్ని.

నాయన పలకను రెండు వేళ్ళతో వేలాడదీసి, నా చెవి పక్కన పెట్టి, వేలి కణుపుతో తట్టేవాడు. "ఎట్లుండాది?" మొద్దుగా ఉందనేదాన్ని. లోపలివైపు ఉలితో ఒక పొర చివ్వేవాడు. మళ్ళీ తట్టేవాడు. "ఇప్పుడు?" ఒక్కో పలకకు వందసార్లు. ఎక్కడో ఒకచోట చెక్క ఉన్నట్టుండి పలుకుతుంది. ఆ క్షణం "సాలు" అనాలి. ఒక్క పొర ఎక్కువ చివ్వితే మళ్ళీ పీలగా అయిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోలేము. ఆ ఒక్క మాట కోసం నాయన నా ముఖంలోకి చూస్తూ కూర్చునేవాడు. తుమ్మినా ఉలిక్కిపడేవాడు. బయట పిల్లలు ఆడుకుంటూ అరుస్తుంటే నాకు అటు మనసు లాగేది, చెవి లాగేది. "ఆడికి పోయింది నీ చెవి. ఈడికి తెచ్చుకో" అనేవాడు. వినపడనివాడికి నా చెవి ఎటు పోయిందో ఎట్లా తెలిసేదో!

నాయనకే కాదు, మా ఇంట్లో ఒక్కొక్కరికీ నాలో ఒక్కో అవయవం కావాలి. అవ్వకు నా కళ్ళు. సూదిలో దారం ఎక్కించాలి, కొర్రల్లో రాళ్ళు ఏరాలి, ఆమె అరికాలిలో ముల్లు వెతకాలి. అమ్మకు నా చేతులు. విత్తనాల కాలంలో ఆడవాళ్ళంతా వాకిట్లో కూర్చుని వేరుశనగ ఒలిచేవాళ్ళు. పప్పు మీద పొర చిట్లకుండా ఒలవాలి, వేళ్ళు పగిలి మండేవి. ఒలుస్తూ నేను పప్పులు బుగ్గన పెట్టుకుంటే అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. సాయంత్రం రాగిసంగటిలోకి ఊరిబిండి నూరేది. వేయించిన వేరుశనగ, ఎండుమిరప, చింతపండు. ఆ ఘాటు వాసనకు ఒక్కసారిగా ఇల్లు ఇల్లులా అయ్యేది, బంక కంపు తోక ముడిచేది.

మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. ఏడు పాసయ్యాను. మా కన్నడ మేష్ట్రు పావగడ హైస్కూల్లో, ఆడపిల్లల హాస్టల్లో నాకు సీటు ఇప్పించాడు. అమ్మ రేకుపెట్టె ఒకటి సంపాదించి అందులో రెండు పావడాలు, ఒక సబ్బు పెట్టింది. నాయన అప్పుడు నాలుగో పిటీలు చేస్తున్నాడు. "ఇది అయిపోనీ పాపా, పంపిస్తా" అన్నాడు. జూన్ వచ్చింది, వెళ్ళింది. నా ఈడు పిల్ల ఒకతె, పక్కింటిదే, రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని బస్సెక్కింది. నేను విత్తనాల గదిలో కూర్చుని మొద్దుగా ఉంది, మొద్దుగా ఉంది అని చెబుతూ ఉండిపోయాను. మరుసటి ఏడు జాతరకు పిటీలాయన ఆ నాలుగోదాన్ని పట్టుకుని ఒకసారి విల్లు లాగి, "డబ్బాలో పిల్లిని పెట్టి మూసినట్లుండాదప్పా" అన్నాడు. ఆ ఎండల్లోనే దాని పై చెక్క నిలువునా పగిలింది కూడా.

పోతూ పోతూ ఆయన ఒక మాట చెప్పి పోయాడు. "పెద్ద పెద్దోళ్ళు చేసేటివాటికి కడాకు నూనె పట్టిస్తారంట. నూనె పడితే చెక్క పండుతాదంట." ఆయనా ఎక్కడో విన్న మాటే. నాయన దాన్ని వేదంలా పట్టుకున్నాడు.

ఇంకో జూన్ కూడా పోయింది. ఆ పై ఎండాకాలం నాటికి ఐదో పిటీలు మొదలైంది. రిబ్బన్ల పిల్ల సెలవులకు వచ్చి నా ముందు ఇంగ్లీషు పద్యం ఒకటి గడగడా చదివింది. నేను ఆ రోజంతా అన్నం తినలేదు. మేష్ట్రు ఇంటికి వచ్చి నాయన చెవి దగ్గర అరిచి చెప్పాడు. "ఈ తూరి చేర్పించకపోతే ఇంక సీటు రాదప్పా. ఈ పాప చదువు ఇంతటితో ఆఖరు." నాయన ఉలి మొన బొటనవేలితో చూసుకున్నాడు.

"జాతరకు పిటీలాయన వస్తాడు గదా," అన్నాడు మేష్ట్రు పోయాక నాతో. "ఆయప్ప దీన్ని పట్టుకోని నాటకంలో వాయిస్తే, మర్నాడే నిన్ను హాస్టల్లో దించొస్తా. వాయించల్యా అనుకో, ఇంగోటి చేయల్ల. నువ్వు ల్యాకుండా నేనెట్ల చేసేది? నువ్వే చెప్పు."

నేనేం చెప్పను? ఆయన దుర్మార్గుడైతే ఎదిరించి ఉండేదాన్ని. అమ్మ నా తరఫున గొడవ పడింది. "నా చేతులు నాకుండాయి, నేను ఒలుచుకుంటా. అత్తమ్మ కండ్లకు అద్దాలు తెప్పిద్దాం. నీ చెవులకోసరం పిల్లను గదిలో పెట్టి పూడుస్తావా?" నాయనకు ఆ మాటలు వినపడలేదు. వినపడలేదనే అనుకుందాం.

ఆ రెండు నెలలు నేను పిచ్చిదానిలా విన్నాను. నా జీవితంలో ఏ పరీక్షకూ అంత శ్రద్ధ పెట్టలేదు. పలక తట్టినప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. సరైన చోట "సాలు" అన్నాను, రెండు పలకలకూ. లోపల నిలబెట్టే చిన్న గుంజను, సన్నటి కన్నంలోంచి వంగిన కమ్మీతో నేనే నిలబెట్టాను. నాయన వేళ్ళు అందులో పట్టవు. తీగెలు బిగించి, రంగూ నూనే ఏదీ పూయని తెల్లచెక్క మీద విల్లు లాగాను. నాకు వాయించడం రాదు, ఊరికే ఒక్కో తీగె మీద ఇటు నుంచి అటు. ఆ గదిలో అట్లాంటి శబ్దం ఎప్పుడూ పుట్టలేదు. నిండుగా, తియ్యగా, మూటల వెనక నుంచి కూడా తిరిగి వినిపించింది. అవ్వ తిట్టడం ఆపి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎట్లుండాది?" అన్నాడు నాయన.

"బాగుండాది నాయనా! శానా బాగుండాది!" అని అరిచి నేను ఏడ్చేశాను. నిజం చెప్పాను కాబట్టే అంత గట్టిగా ఏడ్చాను. నాయన నా తల నిమిరాడు. ఆ సాయంత్రం నేను రేకుపెట్టె తెరిచి, పావడాలు మళ్ళీ మడిచి పెట్టుకున్నాను.

జాతరకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పిటీలాయన చెప్పిన నూనె పని ఒక్కటి మిగిలింది. నూనె అంటే మా ఊళ్ళో ఒకటే నూనె. దీపానికి అదే, తలకు అదే, తాళింపుకు అదే, తలుపు బందులకు అదే. నూనెలో ఇంకో రకం ఉంటుందని, కొన్ని గాలికి ఆరి గట్టిపడతాయని, కొన్ని ఎన్నేళ్ళయినా ఆరవని మాలో ఎవరికి తెలుసు? పిటీళ్ళకు వాడేది అవిసె నూనెట. అది ఆరుతుంది, వేరుశనగ నూనె ఆరదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. నాయన గానుగకు పోయి, ఆ ఏడు పండిన కాసిని కాయల్లో మంచివి ఏరి ఆడించి, బంగారం రంగు నూనె తెచ్చాడు. మెత్తటి గుడ్డతో చంటిబిడ్డకు పట్టించినట్టు పట్టించాడు. చెక్క గటగటా తాగింది. తాగినకొద్దీ ఆయన మురిసిపోయి మళ్ళీ పట్టించాడు.

మొదటి రోజు విల్లు లాగితే నాకు చిన్న అనుమానం వచ్చింది, అంతే. రెండో రోజు ఆ తీపి కొంచెం తగ్గింది. మూడో రోజు నాకు ఖాయంగా తెలిసిపోయింది. పిటీలు ఒక మెత్తని దుప్పటి కప్పుకుని లోపల్నుంచి మాట్లాడుతున్నట్టుంది.

"ఎట్లుండాది?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ రోజే నూనె ఆపి, గుడ్డతో తుడిచి, పొట్టుబూడిద చల్లి పీల్చేసి ఉంటే కొంతయినా దక్కేదేమో. చెప్పాలనే నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది? పై చెక్క విప్పుతాడు, మళ్ళీ పెట్టె వెతుకుతాడు, జాతర దాటిపోతుంది, జూన్ దాటిపోతుంది, మూసిన ఆ గదిలో నేను ఇంకో ఏడు ఉడుకుతాను, ఆ తర్వాత ఇంకో ఏడు. ఆరిపోతే అదే బాగవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిటీలాయన ముసలివాడయ్యాడు, ఆయన చెవులూ మందగించి ఉంటాయిలే అని కూడా అనుకున్నాను.

"బాగుండాది నాయనా," అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఇంకో పూత పెట్టాడు. అట్లా జాతర దాకా రోజుకొకసారి అడిగాడు, రోజుకొకసారి చెప్పాను. ప్రతి మాటకూ ఒక పూత. నా నోటితో నేనే దాన్ని చంపుతున్నానని తెలిసి చెప్పాను. నూనె వాసనకు ఎలుకలు వచ్చి తలుపు కింద గీకడం మొదలుపెడితే, అవ్వ, "ఎలకలకు కూడా ముద్దొస్తాండాది నీ పిటీలు" అని ఎగతాళి చేసింది. నాయన నవ్వాడు. నేను తలుపు కింద ఇంకో గోనె కుక్కాను.

జాతర రోజు పొద్దున పిటీలాయన వచ్చాడు. అరుగు మీద కూర్చుని పూర్ణం ఓళిగలు తిని, చెయ్యి కడుక్కుని, "యాడప్పా, తెప్పియ్యి చూద్దాం" అన్నాడు. నాయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కట్ట మీద పులిమేక ఆడేవాళ్ళంతా ఆట వదిలి వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నాయన పిటీలును తుండుగుడ్డలో చుట్టి తెచ్చాడు. పిటీలాయన దాన్ని అందుకోగానే వేళ్ళు జిడ్డయ్యాయి. వేళ్ళు వాసన చూసుకుని, "ఏమప్పా, పిటీలుకు తాళింపు పెట్టినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళ పెదాలు చూసి నాయన కూడా నవ్వాడు.

ఆయన గడ్డం కింద ఆనించుకుని విల్లు లాగాడు. నాలుగు తీగెల మీదా లాగాడు. ఆ చెక్క పని ఎంత బాగుందో ఆయన చేతికి తెలిసింది, శబ్దం ఎట్లా చచ్చిందో చెవికి తెలిసింది. ఆ రెండూ ఆయన ముఖంలో నాకు కనిపించాయి. నాయన ఆయన్ను చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు, ఎప్పటిలాగే.

పిటీలాయన విల్లు దించి, నా వైపు వంగి, మెల్లగా అన్నాడు. "ఇది పలకదు తల్లీ. నూనె తాగి సచ్చిపొయ్యింది. శానా మంచి చెయ్యి మీ నాయనది. ఆయప్పకు ఏం చెప్పల్ల? నువ్వు ఎట్ల చెప్పమంటే అట్ల చెప్తా."

అంత మెల్లటి మాట నాయనకు వినపడదు. "ఏమంటాండాడు?" అన్నాడు నన్ను, చెయ్యి చెవికి దొప్పలా పెట్టుకుని.

లోపల గోడ పక్కన రేకుపెట్టె సర్దిపెట్టి ఉంది. అమ్మ గడపలో నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. పిటీలాయన కూడా తలాడిస్తాడు, ఆ రాత్రి నాటకంలో దాని మీదే ఊరికే విల్లు ఆడిస్తాడు, నాయనకు తేడా తెలియదు, నేను బస్సెక్కుతాను. ఇన్ని రోజులు చెప్పినదాన్ని ఇంకో రోజు చెప్పలేనా? కానీ వినపడని మనిషి అట్లా చెయ్యి పెట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉంటే నాకు నోరు రాలేదు. నేను మంచిదాన్ని కాబట్టి నిజం చెప్పానని అనుకోకండి. ఇంక మోయలేకపోయాను, అంతే.

"పలకడంల్యా అంటాండాడు నాయనా," అని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను. వాకిట్లో అందరికీ వినపడేంత గట్టిగా. "నూనె పెట్టిన మూడో దినం నుంచే పలకడంల్యా."

నాయన చెవి మీది చెయ్యి దించాడు. "నీకు మూడో దినమే తెల్సా?"

"తెల్సు."

"మరి బాగుండాదంటివే."

నేను తల దించుకున్నాను.

"యాల?"

"ఇస్కూలుకు పోవల్లని."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన పిటీలును పిటీలాయన చేతిలోంచి తీసుకుని తుండులో చుట్టుకున్నాడు. "అన్నం తిన్నావా?" అని నన్ను అడిగాడు. నేను తల ఊపాను. అట్లాగే లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయన నాటకానికి రాలేదు.

హాస్టలు తెరిచే రోజు రేకుపెట్టె భుజాన పెట్టుకుని నాయనే నన్ను పావగడ తీసుకెళ్ళాడు. హాస్టలు గేటు దగ్గర పెట్టె దించి, నా చేతిలో వేరుశనగ ఉండల పొట్లం పెట్టాడు. నేను, "ఇంగోటి చేస్తావు గదా నాయనా? నేను సెలవలకు వస్తా, ఇంటా" అన్నాను. ఏదో ఒకటి బాగు చేయాలన్న ఆత్రం నాది. ఆయన నా ముఖం వైపు చూశాడు. కోపం లేదు, అది ఉంటే నాకు ఇన్నేళ్ళు ఇట్లా ఉండేది కాదు.

"వద్దులే పాపా. నువ్వు చదువుకో. నీ చెవితో నాకు ఇంగ పనిల్యా," అని చెప్పి, బస్సు వెళ్ళిపోతుందని గబగబా నడిచాడు.

నేను కోరుకున్నది దొరికింది. ప్రయోజకురాలిని అయినందుకు కాదు, నాయనకు పనికిరానిదాన్ని అయినందుకు. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను. ఎవరైనా మా నాయన నన్ను ఆ కాలంలోనే హాస్టల్లో పెట్టి చదివించాడని మెచ్చుకుంటే ఊరుకుంటాను.

మొదటి దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు విత్తనాల గది తలుపు మూసి ఉంది. లోపల నాయన పలక తట్టి చూస్తున్నాడు. ఒంటరిగా. తడుతున్నాడు, చివ్వుతున్నాడు, మళ్ళీ తడుతున్నాడు. ఏం వినపడుతుందని తడుతున్నాడో దేవుడికే తెలియాలి. ఆ గదిలోంచి ఎప్పుడు బయటపడతానా అని రెండేళ్ళు చచ్చినంత పనైన నేను, బయట గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. మొద్దుగా ఉంది. ఇంకా మొద్దుగానే ఉంది. ఇంకొంచెం. అప్పుడు, ఉన్నట్టుండి, చెక్క పలికింది. అంత చక్కగా పలికిన పలకను నేను మళ్ళీ వినలేదు.

సాలు నాయనా, అనాలి. తలుపు తోసి, ఆయన చెయ్యి పట్టుకుని, సాలు అనాలి. నమ్ముతాడా? నా మాట నమ్మడానికి ఆయన దగ్గర ఏముందని? చెయ్యి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల ఉలి మళ్ళీ కదిలింది. ఒక పొర, ఇంకో పొర. మళ్ళీ తట్టాడు. పీలగా పలికింది. ఆయన చివ్వుతూనే ఉన్నాడు.